భ్రూణహత్యాశబ్ద విమర్శనము

ఇప్పటికి బదునొకండేండ్ల క్రిందట మా యూరి వైద్యశాలవారు ప్రసూతివిభాగపు గోడపై వ్రాయించుటకై యొక వాక్యమును గూర్చి యిమ్మని నన్ను గోరిరి. ఆడుశిశువులను గర్భమందే తొలగించు దురాచారమును మాన్పవలెనని వారి యుద్దేశము. నాపాండిత్య మిన్నాళ్లకు బ్రజలకు బనికివచ్చెనుగదా యని సంతసించి, "భ్రూణహత్య బ్రహ్మహత్యతో సమానము" అని వ్రాసి యిచ్చితిని. ఎఱ్ఱని యక్షరములతో ఆ వాక్యము గోడ కెక్కెను. దారిని బోవునప్పుడెల్ల దానిని జూచి మురియుచుండువాడను. ఆ వాక్యమును విమర్శించుటయే యీ వ్యాసమున నా పని. పరుల గ్రంథములయందు దోషము లెన్నుట నాకు జిరకాలాభ్యాసము. స్వవాక్యమునందు దోష మెన్నుట యింత కష్టమని తెలియదు.

విమర్శకు గారణమైన సంగతి యిది. మా పాఠశాలలో జదివిన యొక యమ్మాయి, ముగ్గురు బిడ్డల తల్లి, గర్భనిరోధమునకై చేయించుకొన్న యుపాయము తప్పి, రెండవనెలలో ఆ వైద్యశాలకు వచ్చినది. గోడమీది వాక్యమును జదివినది. లోనికి బోక మరలిపోయినది. పొరుగూరిలో వైద్యపట్టము లేని యొకనియొద్ద మాత్రలు దెచ్చుకొని మ్రింగినది. వారముదినములకు రక్తస్రావముతో బట్టణమునకు గొనిపోవలసి వచ్చెను. ప్రాణము దక్కినది. కొన్ని నెలలకు నన్ను జూచినప్పుడు, "పంతులుగారూ, ఆ గోడమీద రాసింది మీరేగదండీ. అది చదివినాక లోపలికి పోబుద్ధి కాలేదండీ" అని మాత్ర మనినది. ఆమె మాటలో నిందలేదు. ఆమెకు జదువు నేర్పినవారిలో నేనొకడను. ఆ చదువుతోనే యామె నా వాక్యమును జదువగల్గినది.

ఆమె కోరివచ్చిన చికిత్స 1971 నాటి చట్టముచే ననుమతింపబడినదే యని నాకు దరువాత దెలిసినది. నిరోధోపాయము విఫలమగుటవలన గలిగిన గర్భము స్త్రీ మనస్సునకు దీవ్రమైన హానిగా భావింపవచ్చునని యా చట్టముననే వివరణ మున్నది. అనగా నా వాక్యము చట్టబద్ధమైన చికిత్సను మహాపాతకమని ప్రకటించినది. నేను నిషేధింపదలచినది లింగమెఱిగి చేయు తొలగింపును. నా పదము నిషేధించినది సమస్తమును. లక్ష్యమును దాటి పోయిన లక్షణమును శాస్త్రమున నతివ్యాప్తమందుము. శిష్యులు చేసినచో నేను చెవి మెలిపెట్టు తప్పిదమే యిది.

ఇక శబ్దమును బరిశీలింతము. పాణిని తృతీయాధ్యాయ ద్వితీయపాదమున బ్రహ్మ, భ్రూణ, వృత్ర శబ్దములు కర్మలుగా నుపపదము లైనప్పుడు హన్‌ధాతువునకు భూతార్థమున క్విప్ప్రత్యయమును విధించెను. దాన బ్రహ్మహా, భ్రూణహా, వృత్రహా యను రూపములు సిద్ధించుచున్నవి. ఇచ్చట నాలుగు విధముల నియమమున్నదని కాశికాకారులు చెప్పుదురు. భూతార్థమున ననుట గమనింపదగినది: చంపినవానికే యా పేరు, చంపదలచినవానికి గాదు. భావార్థకమైన హత్యాశబ్దము వేఱు సూత్రముచే, సుబంతోపపద మున్నప్పుడే, క్యప్ప్రత్యయముతో నేర్పడును. ఒంటిగా 'హత్య' యనుట తెలుగువారి యలవాటు. పాణినీయుల కది రుచింపదు గాని యిప్పు డా తగవు వలదు. భావార్థకమగుటచే భ్రూణహత్యాశబ్దమున గర్త యెవడో తెలియదు. గోడమీద నది యొంటిగా నిలిచినప్పుడు, చదువునదే కర్త యని చదివినామె తలపక యేమి చేయును?

భ్రూణమనగా నేమి? అమరసింహుడు మనుష్యవర్గమున గర్భమునకు బర్యాయముగా జెప్పి, నానార్థవర్గమున నర్భకుడనియు స్త్రీగర్భమనియు నర్థద్వయమును జెప్పెను. బౌధాయనగృహ్యమున మఱియొక యర్థమున్నది. అందు వేదాధ్యయనతారతమ్యమునుబట్టి బ్రాహ్మణులకు వరుసగా బేళ్లు చెప్పుచు, సూత్రప్రవచనముల నధ్యయనము చేసినవానిని భ్రూణుడనిరి. కావుననే ప్రాచీనవాక్యములలో గొన్నింట భ్రూణహంత యనగా శ్రోత్రియుని జంపినవాడో, గర్భమును జంపినవాడో వ్యాఖ్యాతలకే నిశ్చయము చాలదు. యాస్కుడు మర్యాదల నేడింటిని లెక్కించుచు బ్రహ్మహత్యను భ్రూణహత్యను వేఱువేఱుగా బేర్కొనెను. రెండును సమానమని నేను గోడపై వ్రాసితిని; యాస్కుడు వేఱుగా లెక్కించిన వానిని గలుపుటకు నాకెవ రధికార మిచ్చిరి?

ఇంతకంటె విచిత్రమైన ప్రయోగములు గలవు. యాజ్ఞవల్క్యస్మృతి యాచారాధ్యాయమున, కన్యను దగినకాలమున నీయని తండ్రి ప్రతి ఋతువునందును భ్రూణహత్యను బొందునని యున్నది. భారతమున నాదిపర్వమందు యయాతి, ఋతుమతియై ప్రార్థించిన స్త్రీని నిరాకరించినవాడు భ్రూణహంత యగునని శుక్రునితో బలికి, శర్మిష్ఠావిషయమున దన్ను సమర్థించుకొనెను. ఈ రెండుచోట్లను గర్భమే లేదు. కలుగవలసిన గర్భము కలుగకపోవుటయే హత్య యని యతిదేశము. స్మృతిశబ్దమును యథాతథముగా గోడపై వ్రాయుదమన్నచో, కూతురిని గళాశాలకు బంపుచున్న ప్రతితండ్రియు, నాతోసహా, నెలకొక భ్రూణహత్య చేయుచున్నవాడే. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు బెండ్లిచేయుట నేరమని 2006 నాటి చట్టము. ఒకే స్మృతిలో నొక వాక్యమును విడిచి, ఆ వాక్యములోని పదమును మాత్రము కత్తిగా దీసికొనుట పండితునకు దగదు.

మనుస్మృతి యేకాదశాధ్యాయమున నొక విషయ మున్నది. తెలియబడని గర్భమును జంపినవానికి బ్రహ్మహంతకు జెప్పిన ప్రాయశ్చిత్తమే విధింపబడినది. నా వాక్యమున కాధార మిదియే. కాని 'తెలియబడని' యను విశేషణమును నేను బదునొకండేండ్లు మఱచితిని. తెలియబడని దనగా స్త్రీయో పురుషుడో తెలియబడనిది యని వ్యాఖ్యాతలు. పురుషుడు కావచ్చునను సందేహమే యా ప్రాయశ్చిత్తగౌరవమునకు హేతువు. ఆత్రేయి మొదలగు కొన్ని విశేషములు దక్క, స్త్రీవధ మా గ్రంథముననే యుపపాతకములలో జేర్పబడినది. ఇప్పుడు యంత్రము వచ్చి గర్భమందలి శిశువు స్త్రీ యని తెలుపుచున్నది. తెలియబడిన స్త్రీగర్భమునకు స్మృతివాక్యము పట్టదు. పట్టినను దగ్గినదోషమే చెప్పును. ఆడుశిశువును రక్షించుటకు నేను దెచ్చిన ప్రమాణము, ఆడుశిశువన్నంతనే చేయి విడుచు ప్రమాణము! ఈ సంగతి తోచిననాటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందఱును వాడుచున్న 'స్త్రీభ్రూణహత్య' యను సమాసమును గూడ నొకింత చూడవలెను. స్త్రీయగు భ్రూణము యొక్క హత్య యని కర్మధారయగర్భమైన షష్ఠీతత్పురుషముగా విగ్రహింపవచ్చును. స్త్రీయొక్క భ్రూణహత్య, అనగా స్త్రీ చేసిన భ్రూణహత్య, యని కర్తరి షష్ఠిగాను విగ్రహింపవచ్చును. వ్రాసినవారి తలపు మొదటిది. చదువువారి చెవికి రెండవది గూడ దగులును. చదువుకొన్న పెద్దలు కొందఱు ఈ పదమును విని, "ఈ కాలపు ఆడువాండ్రిట్లు చేయుచున్నారు" అని నిట్టూర్చుట నేను వినియున్నాను. దేశమున నాఱేండ్లలోపు పిల్లలలో వేయిమంది మగవారికి ఆడుపిల్లలు 1961లో 976 మంది, 2001లో 927, 2011లో 920 లోపునకు దిగిరి. ఈ తగ్గుదలకు గర్భిణియే కర్త యనుట సరికాదు. లింగనిర్ణయమును నిషేధించు 1994 నాటి చట్టము, గర్భిణిని భర్తయో బంధువులో బలవంతపెట్టిరనియే న్యాయస్థానము మొదట నూహింపవలెనని విధించెను. వ్యాకరణపరిభాషలో జెప్పవలెనన్న నామె ప్రయోజ్య, ప్రయోజకులు వేఱు. చట్టము కనుగొన్న యీ ప్రయోజకుని మన సమాసము దాచిపెట్టుచున్నది.

చట్టమును మెచ్చుకొంటినని దానిని విమర్శింపకుండుట న్యాయము గాదు. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షనున గర్భస్రావము కలిగించుట నేరము; స్త్రీ ప్రాణరక్షణమునకై సద్బుద్ధితో జేసినది మాత్రము దోషము గాదు. తనకు దాను స్రావము కలిగించుకొన్న స్త్రీయు నీ నేరమునందే చేరునని వివరణ మున్నది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహితయందు 88వ సెక్షను ఇట్లే యున్నది. దీనికి మినహాయింపుగా వచ్చినదే 1971 నాటి చట్టము. 1964లో నేర్పడిన శాంతిలాల్ షా సంఘము నాటువైద్యులచేత జచ్చు స్త్రీల సంగతి విచారించి 1966లో నివేదిక యిచ్చెను. చట్టము 1972 ఏప్రిలు 1న నమలులోనికి వచ్చెను. జనసంఖ్యానియంత్రణ మాకాలపు ప్రభుత్వచింత యగుటచే నిరోధోపాయవైఫల్యము దానియందు జోటుచేసికొన్నది. అయిన నా వివరణ వివాహితకే పరిమితము.

ఈ చట్టపు మూడవ సెక్షనును గారకదృష్టితో జదివితిని. నమోదితుడగు వైద్యునిచేత గర్భము సమాప్తి నొందింపబడవచ్చునని వాక్యనిర్మాణము. వైద్యుడు తృతీయాంతమైన కర్త, గర్భము కర్మ, ఆ వైద్యుని సదభిప్రాయము హేతువు. స్త్రీ యెక్కడ? ఆమె 'ఆమెయొక్క' ప్రాణము, 'ఆమెయొక్క' యారోగ్యము, 'ఆమెయొక్క' సమ్మతి యని షష్ఠిలో నున్నది. సంబంధషష్ఠి కారకము గాదని బాలురకును దెలియును. క్రియతో నన్వయము లేనిది కారకము గానేరదు. ఇట్లు రక్షణవాక్యమున స్త్రీ కారకములకు వెలుపల నున్నది. మఱి శిక్షావాక్యమున? అచ్చట నామె సాక్షాత్తుగా గర్త. నేరమునందు గర్తయు, మేలునందు షష్ఠియు నగుట యీ రెండు చట్టములను బ్రక్కప్రక్కన బెట్టి చదివిననే గాని తెలియదు.

స్వతంత్రుడే కర్త యని పాణినీయసిద్ధాంతము. దీనితో బోల్చుడు పల్లెటూరి స్త్రీల వాడుకను. గర్భము తానుగా జాఱినచో "కడుపు పోయినది" యందురు. అకర్మకము, దోష మెవరిదిని గాదు. వైద్యునిచే జేయించుకొన్నచో "కడుపు తీయించుకొన్నది" యందురు. తీయు ధాతువునకు బ్రేరణార్థమున నించుక్కు. దానిపై, ఫలము తనదేయని తెలుపు కొనుధాతువు. తీసినవాడు వైద్యుడు, తీయించినది తాను, ఫలము తనకు. ఇంత స్పష్టముగా స్త్రీని గర్తగా నిలిపిన మాట యే చట్టమునను లేదు. ఈ మాటను గ్రామ్యమని నేనే పలుమాఱు దిద్దియుంటిని.

2021లో జేసిన సవరణమువలన నిరువది వారములవఱకు నొక వైద్యుని యభిప్రాయము చాలును; ఇరువదికిని నిరువదినాలుగింటికిని నడుమ నియమములలో జెప్పబడిన తరగతుల స్త్రీలకు ఇద్దఱి యభిప్రాయము కావలెను; ఆపైన శిశువునకు గొప్ప యంగవైకల్య మున్నప్పుడు వైద్యమండలి నిర్ణయింపవలెను. మాధవనిదానమున నాలుగవమాసమువఱకు స్రావమనియు, ఐదవ యాఱవమాసములలో బాతమనియు విభాగ మున్నది. చట్టపు గడువులు దీనికి దగ్గఱగా నుండుట యాదృచ్ఛికము. దీనిని బట్టి ప్రాచీనులకు సమస్తమును ముందే తెలియునని చెప్పువారితో నేను గూడను. సుశ్రుతుడు మూఢగర్భచికిత్సలో బ్రాణమున్న గర్భమును శస్త్రముతో జీల్చరాదనుచు, చీల్చినచో దల్లియు శిశువును నశింతురని కారణము చెప్పెను. మృతగర్భమును మాత్రము తల్లిని గాపాడుటకై ఖండించి తీయవలె ననెను. వైద్యుని వాక్యమున గారణ ముండును, పాపగణన ముండదు. నేను వైద్యశాలగోడకు వైద్యగ్రంథమును విడిచి ప్రాయశ్చిత్తకాండము నెత్తుకొనిపోయితిని.

ఆ సవరణమున 'వివాహిత', 'భర్త' యను పదములు పోయి, 'ఏ స్త్రీయైనను', 'భాగస్వామి' యను పదములు చేరినవి. 2022 సెప్టెంబరు 29న సర్వోన్నత న్యాయస్థానము, అవివాహితయైన యిరువదియైదేండ్ల యువతి విషయమున, ఇరువదినాలుగు వారములవఱకు గల యవకాశము వివాహితలకే యనుట సమానత్వమునకు విరుద్ధమని చెప్పినది. భర్తచే బలాత్కరింపబడిన స్త్రీ కలిగిన గర్భము సయితము ఈ చట్టముపట్ల బలాత్కారఫలమే యనినది. కుటుంబపు టనుమతిని దెమ్మని వైద్యు లడుగుట చట్టములో లేని షరతనియు జెప్పినది. ఇది షష్ఠిని గర్తగా మార్చ యత్నించిన వ్యాఖ్యానము. అయినను మూలవాక్యము మాఱలేదు. 2023 అక్టోబరున నిరువదియాఱు వారములు దాటిన యొక వివాహిత ప్రసవానంతర మనోవ్యాధిచే బీడింపబడుచు గోరినప్పుడు, అదే న్యాయస్థానము తుదకు నిరాకరించెను. ఎంత యుదారుడైన వ్యాఖ్యాతయు సూత్రాక్షరముల వెలుపలికి బోజాలడు. సూత్రమునే మార్చవలెను.

ఒక పండితమిత్రుడు నాతో నిట్లు వాదించెను: "స్త్రీని స్వతంత్రకర్తను జేసినచో ఆడుశిశువులను మఱింతగా దొలగింతురు. శబ్దము కఠినముగా నుండుటయే మేలు." ఈ పూర్వపక్షము తేలికైనది కాదు. ఉత్తరమిది. ఆ దురాచారమునకు సాధనము గర్భసమాపనము మాత్రమే కాదు, అంతకు ముందటి లింగజ్ఞానము. కావుననే 1994 నాటి చట్టము పరీక్షించువానిని, చెప్పువానిని, చెప్పుమనువానిని శిక్షించుచున్నది. గర్భసమాపనమును బాపముగా జాటినచో ఆ పరీక్షాగృహములు మూయబడవు. డబ్బుగలవారు రహస్యముగా బోవుదురు. లేనివారు పొరుగూరి మాత్రలకు బోవుదురు. మా మిత్రుడు దీనికి సమాధాన మీయలేదు గాని, యొప్పుకొననును లేదు.

ఇప్పుడీ విషయమున 'పునరుత్పత్తి న్యాయము' అను పద మొకటి పత్రికలలో గనబడుచున్నది. ఇది 1994లో అమెరికాదేశపు షికాగోనగరమున గూడిన పండ్రెండుగురు నల్లజాతి స్త్రీలు కల్పించిన పదమునకు దెలుగు. ఆ దేశమున 1973లో రో తీర్పు హక్కు నిచ్చెను. 1976లో జేసిన హైడ్ సవరణము బీదల చికిత్సకు గేంద్రధనమును నిరోధించెను. 2022 జూన్ 24న డాబ్స్ తీర్పు ఆ హక్కునే త్రోసివేసెను. హక్కు కాగితముపై నున్నను జేతిలో బైకము లేనివారి కది లేనట్లే యని ఆ పండ్రెండుగురు ముందే గ్రహించిరి. కావున బిడ్డ వలదనుకొనుట, బిడ్డను గనుట, కన్నబిడ్డను క్షేమముగా బెంచుకొనుట యను మూడింటిని గలిపి న్యాయమనిరి. అర్థము మంచిది. తెలుగుపదము మాత్రము నాకు నచ్చదు. 'పునరుత్పత్తి' యనగా మరల బుట్టుట. శిశువు మొదటిసారియే పుట్టుచున్నాడు గదా, పునర్జన్మవాదులు క్షమింతురుగాక. 'ప్రజననన్యాయ'మన్నచో నకారములు వరుసకట్టి నాలుక తడబడును. 'సంతానన్యాయ'మన్నచో దాయభాగపు వ్యాజ్యమని తోచును. మేలైన పదము దొరకువఱకు దీనినే సహింపవలసి యున్నది.

ఈ మూడింటి కలయిక మనదేశపు చరిత్రకును బాగుగా దగును. 1975-77 అత్యవసరపరిస్థితిలో బలవంతపు శస్త్రచికిత్సలు జరిగినవి. 2014 నవంబరున బిలాసపురప్రాంతపు శిబిరమున శస్త్రచికిత్సలు పొందిన స్త్రీలలో బదిమందికి మించి మరణించిరి. 2016లో న్యాయస్థానము మూడేండ్లలో నట్టి శిబిరములను మానిపింపవలె ననెను. ఆంధ్రదేశమున 1994 నాటి పంచాయతీచట్టము ఇద్దఱికి మించి బిడ్డలుగలవారు ఎన్నికలలో నిలువరాదనెను. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిషేధమును దొలగించెను. ముప్పదియేండ్లు ఎక్కువ గనుట తప్పు. పిమ్మట దక్కువ గనుట చింత. ఈ రెండు దశలలోను గర్భమును మోయునామె నెవ్వరును గర్తగా నడుగలేదు. అడిగినచో నేమగునో 2009 నాటి సుచితాశ్రీవాస్తవ వ్యాజ్యము తెలుపును: చండీగఢ్‌న మనోవికాసము తక్కువగా నున్న యొక యనాథస్త్రీకి గర్భము తీయింపవలెనని యధికారులు కోరిరి, ఆమె బిడ్డను గందుననెను, న్యాయస్థానము ఆమె మాటనే నిలిపినది. కనుటకును మానుటకును సమ్మతి యొక్కటియే.

నా వాక్యమునకు బ్రాయశ్చిత్తముగా రెండు ప్రతిపాదనలు చేయుచున్నాను. మొదటిది పదవిషయము. తానుగా జాఱినదానికి గర్భస్రావమనియే యుండనిండు. చికిత్సచే జేయుదానికి 'గర్భసమాపన'మందము. సమ్‌పూర్వకాప్‌ధాతువునకు ణిచ్చు చేరుటచే జేయించు వ్యాపార మందు గలదు. హత్య యను నింద లేదు. ఇట్లు విడదీసినచో, బిడ్డకై తపించుచు గర్భము పోగొట్టుకొన్న స్త్రీయొక్క దుఃఖమును, చికిత్స కోరిన స్త్రీయొక్క నిర్ణయమును ఒకే పేరున వ్రాయు కాగితములు కొన్ని యైనను దగ్గును. ఈ శబ్దమున దోష మున్నచో పరిషత్పండితులు తెలుప బ్రార్థన.

రెండవది గోడవిషయము. ఈ క్రింది వాక్యములను వైద్యశాలవారి కిచ్చితిని: "కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పుట, చెప్పుమని యడుగుట నేరము. కడుపు తీయించుకొనదలచిన స్త్రీకి చట్టము చెప్పిన గడువులో ఇక్కడ వైద్యము కలదు. ఆమె పేరు ఎవరికిని చెప్పము." గ్రాంథికము గాదని కొందఱు పరిహసింపవచ్చును, చదువవలసినవారు వారు గారు. దీనిని వ్రాయించుటకు బైయధికారుల యుత్తరువు రావలెనట. అది యెప్పుడు వచ్చునో తెలియదు. ఈలోపల బాతవాక్యముపై సున్నము వేయుటకు మాత్రము అనుమతి దొరకినది. మొన్న గురువారము నా ఖర్చుతో వేయించితిని. ఎఱ్ఱరంగు చిక్కనిదగుటచే నొక్కపూతతో బోలేదు.